తొమ్మిది గంటల యాభై రెండు నిమిషాలు

విమానం దిగిన పైలట్లు సాధారణంగా దారక్క గదికి రారు. ఎక్కబోయేవాళ్ళే వస్తారు. బల్ల మీద పరిచిన కాగితాలు చూసి, గాలి ఎటుంది, మబ్బు ఎక్కడుంది, ఇంధనం ఎంత పోయించారు అని నాలుగు ముక్కలు అడిగి, సంతకం గీకి వెళ్ళిపోతారు. అందుకని ఆ సోమవారం పొద్దున చిన్న పైలట్ మామూలు బట్టల్లో, జుట్టు కూడా సరిగ్గా ముడి వేసుకోకుండా గుమ్మంలో నిలబడేసరికి దారక్క కళ్ళజోడు పైకి తోసుకుని చూసింది.

దారక్క అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. ఇరవై రెండేళ్ళుగా విమానాలకు దారులు గీస్తోంది కాబట్టి దారక్క. రెండు ఊళ్ళ మధ్య దూరమెంత, ఆ దూరంలో ఏ గాలి ఎదురొస్తుంది, ఏ దేశం తన ఆకాశాన్ని మూసింది, ఎంత చుట్టు తిరగాలి, మొత్తం ఎన్ని గంటలు పడుతుంది, ఇవన్నీ లెక్కగట్టి కాగితం మీద పెట్టడం ఆమె పని. ఆ కాగితం మీద ఆమె సంతకం లేనిదే విమానం కదలదు.

"కూర్చో. ఇవాళ డ్యూటీ లేదా?"

"గురువారం ఉందక్కా. డాక్టరు ఒప్పుకుంటే," అంది చిన్న పైలట్. విమానం నడిపే ఇద్దరిలో కెప్టెన్ పక్కన కూర్చునేది ఆ అమ్మాయి. కంపెనీ పైలట్లందరిలోకీ వయసులో చిన్నది. నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

అది రోస్టర్ విభాగం పంపిన మెమో. ఏ విమానానికి ఏ పైలట్ వెళ్ళాలో, ఎవరు ఎన్ని గంటలు ఎగిరారో చూసే విభాగం అది. కిందటి నెల దూరపు ఊరి విమానంలో విపరీతంగా అలసిపోయానని మీరు రాశారు. ఆ రోజు మీ ప్రయాణ సమయం తొమ్మిది గంటల యాభై రెండు నిమిషాలు. పది గంటల లోపు ప్రయాణానికి ఇద్దరు పైలట్లు చాలునని నిబంధన. కాబట్టి మీ అలసటకు కారణం మీ అలవాట్లలోనో ఆరోగ్యంలోనో ఉండాలి. డాక్టరు పరీక్ష చేయించుకుని ధ్రువపత్రం తెండి. మర్యాదగానే రాశారు. అంత మర్యాదగా రాసినందుకే చదువుతున్నకొద్దీ ఒళ్ళు మండుతుంది. దూరపు ఊరంటే కంపెనీ విమానాలు వెళ్ళే నగరాలన్నిటిలోకీ దూరమైనది. ఆఫీసులో దాన్ని ఎవరూ పేరుతో పిలవరు.

"నిజంగా అంత అలసిపోయావా?"

చిన్న పైలట్ లేచి, తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చుంది.

"నేను రాయనిది ఒకటుందక్కా. ఎనిమిదో గంట దాటాక కెప్టెన్ గారు పది నిమిషాలు కన్ను మూస్తానన్నారు. సరేనన్నాను. ఆ తర్వాత నాకు గుర్తున్నది రేడియోలో మమ్మల్ని పిలవడమే. మూడోసారో నాలుగోసారో పిలుస్తున్నారు. ఇద్దరం నిద్రపోయాం. ఎంతసేపో తెలియదు."

దారక్క చేతిలో స్టేప్లర్ ఉంది. దాన్ని చప్పుడు కాకుండా కింద పెట్టింది.

"వెనక ఎంతమంది?"

"రెండొందల అరవై ఒకటి."

గోడవతల ప్రింటరు కాగితాలు కక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నా గడియారం ప్రకారం చక్రం కదిలినప్పటి నుంచి మళ్ళీ ఆగేదాకా పది గంటల ఇరవై ఏడు నిమిషాలు," అంది చిన్న పైలట్. "వాళ్ళు తొమ్మిది యాభై రెండంటున్నారు. నేనే తప్పు చూశానా? నిద్రపోయినదాన్ని, గడియారం మాత్రం సరిగ్గా చూశానని ఎవరు నమ్ముతారు? మీరు చెప్తే నేను నమ్ముతాను."

దారక్క వెనక్కి తిరిగి బీరువా తెరిచింది. తేదీల వారీగా కట్టలు కట్టిన ప్లాన్లలోంచి ఆ రోజుది లాగి, ఆకుపచ్చ గీత గీసి ఉన్న చోట వేలు పెట్టింది. వెళ్ళాల్సిన దూరం ఎనిమిది వేల నూట నలభై కిలోమీటర్లు. ఎదురుగాలి గంటకి యాభై. మొత్తం సమయం పది గంటల ఇరవై నాలుగు నిమిషాలు.

"నువ్వు తప్పు చూడలేదు. నేను పది ఇరవై నాలుగు వేశాను, మీకు ఇంకో మూడు నిమిషాలు పట్టింది. మూడో పైలట్ ఏం చేస్తున్నాడప్పుడు? వెనక పడుకున్నాడా?"

"మూడో పైలటా? ఈ రూట్లో మూడో పైలట్ ఎప్పుడున్నాడక్కా?"

దారక్క ప్లాను మీద సిబ్బంది అంకె చూసింది. రోస్టర్ గది నుంచి తనకు వచ్చేది కెప్టెన్ పేరు, సిబ్బంది మొత్తం ఎంతమంది అన్న అంకె మాత్రమే. బరువు లెక్కకి అదే చాలు. ఆ మొత్తంలో పైలట్లెందరో, కాఫీ అందించేవాళ్ళెందరో తనెప్పుడూ అడగలేదు. పది గంటలు దాటుతోంది కాబట్టి ముగ్గురుంటారనే అనుకుంది.

మెమో వెనక చిన్న పైలట్ ఈ మధ్య చేసిన ప్రయాణాల పట్టీ జత చేసి ఉంది. దూరపు ఊరికి ఐదుసార్లు వెళ్ళింది. ఐదుసార్లూ తొమ్మిది యాభై రెండే. ఆ అంకెను చూస్తే దారక్కకి ఏమీ తోచలేదు. రోజుకి వంద అంకెలు వేసే మనిషికి ఒక అంకె మొహం గుర్తుండదు. కానీ ఐదుసార్లు ఒకటే అంకె రావడం మాత్రం మింగుడుపడలేదు. అంత ఎత్తులో వీచే గాలి రెండు రోజులు వరసగా ఒక్కలా ఉండదు. ఇరవై రెండేళ్ళలో ఆమె చూడలేదు.

ఎవరో చేత్తో దిద్దుతున్నారు, అనుకుంది. దిద్దేవాళ్ళకి కొత్త అంకె వెతికే ఓపిక కూడా లేదు.

మెమో అడుగున సంతకం ఎవరిదో చూసింది. అల్లుడుగారిది.

*

అల్లుడుగారంటే ఎవరి ఇంటి అల్లుడోనని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. కంపెనీ యజమాని అల్లుడు. నాలుగు నెలల కిందట రోస్టర్ విభాగానికి పెద్దగా వచ్చాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి. ఇస్త్రీ నలగని చొక్కా, తక్కువ మాట. భోజనం కూడా గదిలో ఒక్కడే చేస్తాడు. ఆయన నడవాలోకి వస్తే టీ గ్లాసుల చప్పుడు కూడా ఆగిపోతుంది. మామగారి చెవులు రెండూ ఆయన తలకే ఉన్నాయని ఆఫీసులో నమ్మకం.

మంగళవారం పదకొండు గంటలకి దూరపు ఊరి విమానాన్ని పంపేశాక దారక్క రోస్టర్ గది తలుపు తట్టింది. ఆమె లోపలికి అడుగు పెట్టగానే అల్లుడుగారు ముందున్న ఫైలు మూసి, మీద మోచెయ్యి పెట్టాడు.

"సార్, దూరపు ఊరి విమానం బరువు లెక్కలో చిన్న తేడా వస్తోంది. సిబ్బంది వివరాలు ఒకసారి చూడాలి."

ఆయన ఆమెను చాలాసేపు చూశాడు. "ఎనిమిది నెలలుగా నడుస్తున్న రూటు. ఇన్నాళ్ళూ అడగనిది ఇవాళ ఎందుకు మేడమ్?"

"తేడా ఇవాళ కనపడింది కాబట్టి."

"ఎంత తేడా?"

ఆమె ఆ ప్రశ్నకి సిద్ధపడి రాలేదు. "డెబ్భై ఎనభై కిలోలు," అంది.

"అంటే ఒక మనిషి బరువు." ఆయన మొహంలో ఏ కదలికా లేదు. "వివరాలు పంపిస్తాను. మీ పాత ప్లాన్లు ఎన్నాళ్ళు దాస్తారు?"

"మూడు నెలలవి నా బీరువాలో ఉంటాయి. తర్వాత రికార్డు గదికి పోతాయి."

"అక్కడి నుంచి?"

"అక్కడే ఉంటాయి సార్, ఎవరూ ముట్టుకోకపోతే."

ఆ చివరి మాట కాస్త ఘాటుగానే పడింది. ఆయన తల పంకించాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చెయ్యి ఇంకాస్త ఫైలు మీదకి జరిగింది. కానీ చేయి జరిగినప్పుడు ఫైలు అంచున కాగితం ఒకటి బయటికి వచ్చింది. దాని మీద ఆకుపచ్చ గీత. ఆ గీత తనది. దూరం పక్కన, గాలి పక్కన, మొత్తం సమయం పక్కన ఆ రంగు వేసేది ఈ కంపెనీలో ఆమె ఒక్కతే.

తన ప్లాన్లు ఈయన దగ్గర ఎందుకున్నాయి? గదికి తిరిగి వచ్చాక కూడా ఆ ప్రశ్న వదల్లేదు. తలుపు వేసి కంప్యూటర్ ముందు కూర్చుంది. రోస్టర్ వాళ్ళ పట్టీ చూడడానికి ఆమెకి అనుమతి ఉంది. ఎప్పుడూ వాడలేదు, అంతే. తెరిచి, దూరపు ఊరి ప్రయాణాలన్నీ వరసగా దింపింది. వెళ్ళే ప్రయాణం ప్రతిసారీ తొమ్మిది యాభై రెండు. పక్కన ఇంకో గడి ఉంది, 'నేల మీద నిరీక్షణ' అని. అందులో మాత్రం రోజుకో అంకె. ముప్పై రెండు, ఇరవై ఎనిమిది, నలభై ఒకటి, ముప్పై ఐదు. తన ప్లాను పక్కన పెట్టుకుని కూడి చూసింది. రెండు గడులూ కలిపితే అసలు సమయం సరిగ్గా వస్తోంది. ఆకాశంలో గడిచిన అరగంటని ఎవరో తీసుకెళ్ళి నేల మీద పడేశారు. నేల మీద నిలబడితే పైలట్ అలసిపోడని కాబోలు.

ఆ సాయంత్రం ఆమె పెద్దసారు గదికి వెళ్ళింది. పెద్దసారు విమానాల రాకపోకలన్నిటికీ అధిపతి. ఆమెకి పని నేర్పిన మనిషి. మొదటి ఉద్యోగంలో గాలి దిక్కు తిరగేసి లెక్క కట్టినప్పుడు, నలుగురిలో తిట్టకుండా పక్కకి పిలిచి కాగితం తిప్పి చూపించినవాడు. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ అంతా విన్నాడు. చిన్న పైలట్ పేరు ఆమె ఎత్తలేదు. నిద్ర సంగతీ చెప్పలేదు.

"ఇంకెవరికైనా చెప్పావా తల్లీ?"

"లేదు సార్."

"చెప్పకు. అవతల ఉన్నది అల్లుడు. మనం నోరు జారితే మామ దాకా పోతుంది. నాకు వదిలెయ్యి, మెల్లగా నేను చూస్తాను."

ఆమెకి సగం బరువు దిగినట్టనిపించింది. అయినా ఎందుకైనా మంచిదని, వారం రోజుల ప్లాన్లూ పట్టీలూ నకళ్ళు తీసి సంచిలో పెట్టుకుంది.

ఇంట్లో దుప్పట్ల పెట్టెలో అడుగున దాచింది. కానీ ఆ ఇంట్లో అత్తగారి కన్ను పడని పెట్టె లేదు. భోజనాల దగ్గర కొడుకు వింటూండగానే ఆవిడ మొదలుపెట్టింది.

"కోడలు పిల్ల దుప్పట్ల కింద ఉత్తరాలు దాస్తోందిరా. ఈ వయసులో ఎవడు రాశాడా అని ముచ్చటపడి తీసి చూస్తే అన్నీ అంకెలు. నా పెళ్ళిచూపుల్లో మీ నాన్న మాట్లాడినట్టే ఉంది."

భర్త నవ్వాడు. రైల్వే వర్క్‌షాపులో పొద్దున షిఫ్టు ఆయనది, తొందరగా లేవాలి, పళ్ళెం ఎత్తుకుని వెళ్ళిపోయాడు. అత్తగారు మాత్రం కదల్లేదు.

"ఎవరి మీద అమ్మాయ్ అనుమానం?"

"మీకెలా తెలుసు?"

"దాచేవాళ్ళు రెండు రకాలు. దొంగలూ, దొంగని పట్టాలనుకునేవాళ్ళూ. నీ మొహానికి మొదటిది అతకదు."

దారక్క చెప్పింది. అల్లుడని వినగానే ఆవిడ పెదవి విరిచింది. "అల్లుడు దొంగయితే అందరికీ సుఖమే. చూడు, ఆ ఒక్క మాటతో మీ ఆఫీసులో మిగతావాళ్ళంతా మంచివాళ్ళైపోయారు," అని లేచి వెళ్ళిపోయింది.

*

బుధవారం పొద్దున దారక్క కంప్యూటర్ తెరిస్తే రోస్టర్ పట్టీ రాలేదు. మీకు అనుమతి లేదు అని ఎర్రక్షరాల్లో వచ్చింది. నిన్న ఉంది. రాత్రికి రాత్రే పోయింది. తను రోస్టర్ గదికి వెళ్ళి అడగడం, అనుమతి ఊడిపోవడం, రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి కాబట్టి ఇక ఆలోచించేందుకేమీ మిగల్లేదు.

పదిన్నరకి చిన్న పైలట్ ఫోను చేసింది. "డాక్టరు గుండె, రక్తం, కళ్ళు అన్నీ చూశాడక్కా. ఏ రోగమూ లేదన్నాడు. రేపటి విమానానికి నన్నే వేశారు. మళ్ళీ ఇద్దరమే."

"వెళ్ళకు. ఒంట్లో బాగాలేదని చెప్పు."

"అన్నీ బాగున్నాయని డాక్టరు రాసిన కాగితం వాళ్ళకి నిన్ననే ఇచ్చాను కదా," అని చిన్న పైలట్ చిన్నగా నవ్వింది.

మధ్యాహ్నం దారక్క రికార్డు గదికి వెళ్ళింది. దూరపు ఊరి రూటు మొదలైన నెల ప్లాన్లు కావాలంది. అక్కడి గుమాస్తా అరలు వెతక్కుండానే చెప్పాడు. "ఆ పెట్టెలు లేవమ్మా. అల్లుడుగారు పట్టుకెళ్ళి నెలరోజులైంది."

ఆమె కోపంగా, రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చింది. రెండొందల అరవై ఒక్క మంది వెనక కూర్చుని ఉండగా ముందున్న ఇద్దరూ నిద్రపోయారు. ఆ నిద్రకి కారణమైనవాడు సాక్ష్యం పెట్టెలు మోసుకుపోయి, పైగా ఆ పిల్లనే డాక్టరు దగ్గరికి తోలాడు. రోస్టర్ గది తలుపు ఈసారి తట్టలేదు.

"నా ప్లాన్లు నాకివ్వండి సార్."

అల్లుడుగారు తల ఎత్తాడు. లేచి, ఆమెను దాటి వెళ్ళి, తలుపు గడియ పెట్టాడు. తిరిగి వచ్చి కూర్చుని, "ఎవరు పంపారు మిమ్మల్ని?" అన్నాడు.

"నన్ను ఎవరూ పంపనక్కర్లేదు. తొమ్మిది యాభై రెండు ఎవరు వేస్తున్నారో నాకు తెలియాలి. మీరా, మీరు చెప్తే మీ మనుషులా?"

ఆయన ఆమెను చూసిన చూపు చిత్రంగా ఉంది. పట్టుబడ్డవాడి చూపు కాదు. ఎదుటి మనిషి నటిస్తోందా, నిజమే మాట్లాడుతోందా అని తేల్చుకోలేక చూసే చూపు.

"ఎవరూ వెయ్యడంలేదు మేడమ్. కంప్యూటరే వేస్తోంది. ఒక రూటుకి ఇంత సమయం అని ఒకసారి అధికారికంగా ఒప్పుకుంటే, అంతకంటే ఎక్కువైన నిమిషాల్ని అది నిరీక్షణ గడిలోకి తోసేస్తుంది. ఈ రూటుకి ఆ సమయం ఒప్పుకున్న కాగితం ఒకటుంది. దాని మీదే ఇద్దరు పైలట్లకి అనుమతి వచ్చింది. అది సంపాదించడానికి నాకు రెండు నెలలు పట్టింది."

సొరుగు తాళం తీసి, ప్లాస్టిక్ కవరులోంచి ఒకే ఒక్క కాగితం తీసి ఆమె వైపు తిప్పాడు.

రెండు నగరాల మధ్య నేరు దూరం ఏడు వేల ఎనిమిది వందల ఇరవై కిలోమీటర్లు. ఎదురుగాలి ముప్పై. మొత్తం సమయం తొమ్మిది గంటల యాభై రెండు నిమిషాలు. ఆ అంకె కింద ఆకుపచ్చ గీత. అడుగున సంతకం.

దారక్క కూర్చుంది. కూర్చోమని ఆయన అనలేదు.

గుర్తొచ్చింది. తొమ్మిది నెలల కిందట, రూటు ఇంకా మొదలు కాకముందు. పెద్దసారు నడవాలో ఎదురై, 'ప్రకటనల వాళ్ళు ప్రాణం తీస్తున్నారు తల్లీ. పది గంటల్లోపే అక్కడుంటారు అని వేసుకుంటారట. నేరు దూరం మీద, గాలి తక్కువున్న నెల చూసి ఒక కాగితం రాసిచ్చెయ్యి' అన్నాడు. ఒక చేతిలో టీ గ్లాసు, రెండో చేత్తో లెక్క. కూర్చోనైనా లేదు. అప్పటికి మధ్యలో ఉన్న దేశాల ఆకాశం తెరిచే ఉంది. నెల తిరక్కుండానే మూసేశారు, మూడొందల ఇరవై కిలోమీటర్లు చుట్టు తిరగాల్సి వచ్చింది. తన రోజువారీ ప్లాన్లు మారాయి. ఈ కాగితం మారలేదు. ఇది ఒకటి ఉందన్న సంగతే ఆమెకి గుర్తు లేదు.

"రోజూ మీ ప్లాను పది గంటలు దాటే ఉంటుంది," అన్నాడు అల్లుడుగారు. "అయినా ఇదిగో, ప్రతి ప్లాను అడుగునా ఈ గడిలో టిక్కు మీదే. 'సిబ్బంది నిబంధనలకు సరిపోతారు.' రెండు వందల ముప్పై టిక్కులు. నేనేమనుకోవాలి? అన్నీ తెలిసే చేస్తున్నారనుకున్నాను. నిన్న మీరు ఒక మనిషి బరువు తేడా అంటే, నాకు ఎంత తెలుసో కూపీ లాగడానికి వచ్చారనుకున్నాను."

"మీరే దిద్దుతున్నారని నేననుకున్నాను."

"ఆఫీసంతా అనుకుంటుందిలెండి."

"ఆ మెమో మీద సంతకం మీదే కదా సార్."

ఆయన మొదటిసారి కళ్ళు దించుకున్నాడు. "పెట్టాను. పెట్టకపోతే ఆ అమ్మాయిని రూట్లోంచే తీసేస్తామన్నారు పెద్దసారు. డాక్టరు పరీక్ష అంటే కొంత గడువు దొరుకుతుందనుకున్నాను. మా మామగారికి రెండుసార్లు రాశాను. ఇంట్లో అల్లుడివి, ఆఫీసులో ఉద్యోగివి, పైవాళ్ళ ద్వారా రా అన్నారు. పైవాళ్ళంటే పెద్దసారే."

"నా కంప్యూటరుకి అనుమతి తీసేసింది?"

"నేను కాదు. ఎవరికి చెప్పారు మీరు?"

"పెద్దసారుకి ఒక్కరికే," అంది ఆమె.

కాగితం మళ్ళీ కవరులో పెడుతూ అల్లుడుగారు అన్నాడు. "ప్రభుత్వ తనిఖీ శాఖకి రాయడానికే మీ ప్లాన్ల పెట్టెలు తెచ్చుకున్నాను. రాయాలంటే ఈ కాగితం కూడా పెట్టాలి. ఇది పెడితే మొదట మీ పేరే వస్తుంది. మీ లైసెన్సు పోవచ్చు. అందుకే, మీరు దొంగ అని నమ్మినన్నాళ్ళూ కూడా పంపలేకపోయాను. పిల్లల తల్లి అన్నారెవరో."

"పిల్లలు లేరు. అత్తగారుంది," అంది దారక్క. "పంపండి. దాంతో పాటు నేనొక కాగితం రాసిస్తాను, అది ఎలా రాశానో."

*

గురువారం ఎనిమిదిన్నరకి దారక్క గాలి దిక్కుల మ్యాపులు ముందు పెట్టుకుంది. ఆ రోజు ఎదురుగాలి ఇంకా పెరిగింది. దూరం, వేగం, చుట్టు, దిగేముందు వరస కోసం పైన తిరిగే సమయం, అన్నీ రెండుసార్లు వేసింది. పది గంటల ముప్పై ఒక్క నిమిషాలు. ఆకుపచ్చ గీత గీసింది. కాగితాలు బల్లకి తట్టి సమం చేసి, స్టేపుల్ కొట్టి, అడుగున గడి దగ్గర ఆగింది. టిక్కు పెట్టలేదు. దాని పక్కన 'ముగ్గురు పైలట్లు అవసరం, ఇద్దరే ఉన్నారు' అని రాసి, సంతకం చేయకుండా పక్కన పెట్టింది.

పది దాటేసరికి ఫోన్లు మొదలయ్యాయి. పదీ ఇరవైకి పెద్దసారు స్వయంగా వచ్చాడు. వచ్చి, తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏంటి తల్లీ ఇది? జనం ఎక్కి కూర్చున్నారు."

"మూడో పైలట్ వస్తే వెళ్తుంది సార్."

"మూడో పైలట్‌ని ప్రతి రోజూ ఎక్కడి నుంచి తేను? ముగ్గుర్నయితే ఈ రూటు నడపలేమని పైవాళ్ళు మొదటి రోజే చెప్పారు. రూటు మూస్తే నాలుగొందల మంది ఇళ్ళకి పోతారు. వాళ్ళ గురించి ఆలోచించవా? నేనేం నా కోసం చేశానా?"

అది అబద్ధం కాదని ఆమెకి తెలుసు. ఆయన చొక్కా జేబులో పెన్ను కేసి చూస్తూ అంది.

"ప్రకటన కోసమని అడిగారు సార్ నన్ను."

"ప్రకటనలో కూడా వాడారు," అన్నాడు ఆయన, చాలా నెమ్మదిగా.

కుర్చీ బల్లకి దగ్గరగా జరుపుకుని, "నీ చేత కాకపోతే నేను చేస్తాను. నాకూ లైసెన్సుంది," అని ప్లాను తన ముందుకి లాక్కున్నాడు. పెన్ను మూత తీశాడు. గడి మీద నిబ్బు పెట్టబోయి, పైన ఆకుపచ్చ గీత గీసిన పది ముప్పై ఒకటి వైపు చూశాడు. మళ్ళీ గడి వైపు చూశాడు. దారక్క ఆయన చేతినే చూస్తోంది. ఇరవై రెండేళ్ళలో ఆ చెయ్యి తనకి ఎన్నో కాగితాలు అందించింది. వాటిలో ఒక్కదాని మీదా ఆ చేతి సంతకం చూసిన గుర్తు ఆమెకి లేదు.

పెద్దసారు పెన్ను మూత పెట్టి జేబులో దోపుకున్నాడు. లేచి, కుర్చీని ఉన్న చోటికి జరిపాడు. "ఎవరో ఒకర్ని పిలవమని ఆ అల్లుడికి చెప్పు," అని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరక్కుండా, "రేపటి నుంచి నువ్వు రావద్దు. కబురు చేసేదాకా," అన్నాడు.

సెలవులో ఉన్న పైలట్ ఒకాయన గంటన్నర ప్రయాణం చేసి వచ్చాడు. కూతురి బడిలో నాటకం ఉందట, మధ్యలో లేచి వచ్చానని విసుక్కుంటూనే ప్లాను మీద సంతకం పెట్టాడు. దారక్క అప్పుడు గడిలో టిక్కు పెట్టి తన సంతకం చేసింది. విమానం రెండు గంటల నలభై నిమిషాలు ఆలస్యంగా, ప్రయాణికుల తిట్లతో కదిలింది. ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళలేదు. తన కాగితం రాయడానికి కూర్చుంది. నాలుగుసార్లు చించి, అయిదోసారి రాసింది. 'నాకు తెలియదు' అన్న మాట మొదటి నాలుగింటిలోనూ ఉంది.

*

శుక్రవారం ఏడింటికి ఆమె ఇంట్లోనే ఉంది. అలవాటుగా అయిదింటికే లేచి, తయారై, ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదని గుర్తొచ్చి, చెప్పులు విప్పేసి కూర్చుంది. అత్తగారు కాఫీ తెచ్చి ముందు పెట్టింది. ఏమీ అడగలేదు. పక్కనే కూర్చుని తన కాఫీ తను చల్లార్చుకుంటోంది.

ఫోను మోగింది. దూరపు ఊరి నుంచి. గొంతు వచ్చేటప్పటికి క్షణం ఆలస్యమవుతోంది.

"అక్కా, నేనే. పది గంటల ముప్పై ఆరు పట్టింది."

"ముప్పై ఒకటి వేశాను. అయిదు తప్పింది."

"నేను మధ్యలో మూడు గంటలు పడుకున్నాను. వెనక సీట్లో, దుప్పటి కప్పుకుని. లేచి వచ్చి దింపాను. నేనే దింపానక్కా, కెప్టెన్ గారు నన్నే దింపమన్నారు."

"మంచిది."

"ఆఫీసులో ఏదేదో చెప్పుకుంటున్నారట. మిమ్మల్ని రావద్దన్నారని. నా మూలంగానేనా?"

"నీ మూలంగా కాదు."

"అక్కా, ఆ తొమ్మిది యాభై రెండు మొదట ఎవరు వేశారో తెలిసిందా? నేను అల్లుడుగారేననుకుంటున్నాను."

అత్తగారు గ్లాసు కింద పెట్టింది. దారక్క ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది.

"ఆయన కాదు. నేను."

మామూలుగా పట్టే క్షణం గడిచింది. ఇంకో క్షణం, ఇంకొన్ని గడిచాయి. లైను తెగిపోయిందేమో అనుకుంది.

"ఉన్నావా?"

"ఉన్నాను." చిన్న పైలట్ గొంతులో కోపం లేదు. కోపముంటే సులువయ్యేది. "ఆ రోజు విమానం దిగాక నా మీద నాకే అనుమానం వచ్చింది తెలుసా. నేనే సరిగ్గా లేనేమో, అందరికీ లేని నిద్ర నాకే వస్తోందేమో అని. మూడు వారాలు అలాగే ఉన్నాను. మీ దగ్గరికి వస్తే మీరు ప్లాను తీసి చూపించారు. ఆ రోజు ఇంటికెళ్ళి మా అమ్మతో చెప్పాను, నేను పిచ్చిదాన్ని కాదని."

దారక్కకి క్షమించమనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఎనిమిది వేల కిలోమీటర్ల అవతలికి ఫోనులో పంపేంత చిన్నదిగా అనిపించలేదు ఆ మాట.

"ఎలా వేశారు?" అంది చిన్న పైలట్.

"నిలబడి. టీ తాగుతూ."

అవతల ఎవరో తలుపు తట్టిన చప్పుడు, ఎవరో నవ్విన చప్పుడు వినిపించాయి.

"ఆదివారం తిరిగి వస్తానక్కా. ఆఫీసుకి కాదు, మీ ఇంటికి వస్తాను. ఆ కాగితం నకలు మీ దగ్గరుందా?"

"ఉంది. అల్లుడుగారు ఇచ్చారు."

"నాకు చూపించండి. ఎక్కడెక్కడ తప్పిందో అంకె అంకెకీ చెప్పాలి. మీరు చెప్తే నాకు అర్థమవుతుంది."

"రా. చెప్తాను," అంది దారక్క.